ఫెయిలైతే పాఠం దానంతటదే వచ్చేస్తుందా? ఒక కర్రీ పాయింట్ లెక్క, ఒక ల్యాండర్ కథ

ఏ రీల్ తెరిచినా, ఏ కాలేజీ ఫంక్షన్‌కి వెళ్లినా ఈ మధ్య ఒకటే మాట, ఫెయిల్యూరే పెద్ద గురువు, పడితేనే నేర్చుకుంటావు అని. సరే, మరి మూడుసార్లు వ్యాపారం పెట్టి మూడుసార్లూ ఒకే రకంగా మునిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు కదా, అప్పు తెచ్చి హోటల్, అది పోయాక అప్పు తెచ్చి మొబైల్ షాపు, అదీ పోయాక మళ్లీ అప్పు తెచ్చి చికెన్ సెంటర్. వాళ్లకి ఆ గురువు ఏం చెప్పినట్టు? చెప్తే వాళ్లు వినలేదా, అసలు చెప్పనే లేదా? నాకర్థమైనంతలో ఫెయిల్యూర్ ఊరికే ఏమీ నేర్పదు. మొదలుపెట్టేముందు మనం ఏం అనుకున్నామో ఎక్కడైనా రాసి ఉండి, తర్వాత జరిగింది తెచ్చి దాని పక్కన పెట్టి చూస్తే అప్పుడు కొంచెం నేర్పుతుంది. "కొంచెం" అని ఎందుకన్నానో కిందకి వెళ్తుంటే తెలుస్తుంది.

## అసలు దేన్ని ఫెయిల్యూర్ అంటున్నాం

మామూలు మాటల్లో మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేసి ఫెయిల్యూర్ అనేస్తాం. రిజల్ట్ రాకపోవడం ఒకటి. నిర్ణయమే తప్పవడం ఇంకోటి. నిర్ణయం బానే ఉన్నా పని సరిగ్గా చేయలేకపోవడం మరోటి. ఈ మూడూ కలిసే రావాలని రూలేం లేదు, నిర్ణయం చెత్తగా ఉన్నా టైం కలిసొచ్చి డబ్బులు మిగిలినవాళ్లూ ఉన్నారు, అన్నీ పద్ధతిగా చేసి మునిగినవాళ్లూ ఉన్నారు.

తెలంగాణ గ్రూప్-1 తీసుకోండి. 2022లో 503 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబర్ 16న ప్రిలిమ్స్ అయింది, పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణం మీద సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. ఇప్పుడు అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని చదువుతూ మొదటిసారి మెయిన్స్‌కి క్వాలిఫై అయి, మూడోసారికి వచ్చేసరికి ఆగిపోయిన మనిషిని ఊహించుకోండి. ఊరెళ్తే "ఇన్నేళ్లు చదివినా రాలేదంట" అంటారు. అందులో అతని చేతిలో ఉన్నదెంత, లేనిదెంత? రద్దులు అతని తప్పు కాదు. కానీ ఆ రెండేళ్లలో రివిజన్ ఎలా చేశాడు, మెయిన్స్ ఆన్సర్ రైటింగ్ మొదలుపెట్టాడా లేదా అనేది మాత్రం అతనిదే. రెండూ కలిపి "నా వల్ల కాదు" అనుకున్నా తప్పే, రెండూ కలిపి "సిస్టమ్ చెడగొట్టింది" అనుకున్నా తప్పే.

రిజల్ట్ చూసి నిర్ణయాన్ని తూచేయడాన్ని సైకాలజీలో ఔట్‌కమ్ బయాస్ అంటారు. జోనథన్ బారన్, జాన్ హెర్షీ అనే ఇద్దరు 1988లో దీని మీద పేపర్ వేశారు. ఒకే సర్జరీ, డాక్టర్ దగ్గర ఉన్న సమాచారం ఒకటే, తీసుకున్న నిర్ణయం ఒకటే, కానీ పేషెంట్ బతికాడని చెప్తే మంచి నిర్ణయం అని ఎక్కువ మార్కులు వేశారు, పోయాడని చెప్తే తక్కువ వేశారు. మనింట్లో జరిగేదీ ఇదే, స్థలం రేటు పెరిగితే "మా ఆయనకి ముందుచూపు", పెరక్కపోతే "ఎవరు చెప్పినా వినడు".

## రీసెర్చ్ వాళ్లలోనే రెండు మాటలున్నాయి

మోటివేషన్ వీడియోల్లో చెప్పని విషయం ఏంటంటే, ఫెయిలైనవాళ్లు రెండోసారి బాగా చేస్తారనే దానికి గట్టి ఆధారం అంత తేలిగ్గా దొరకదు. పాల్ గాంపర్స్, ఇంకొందరు హార్వర్డ్ వాళ్లు వెంచర్ క్యాపిటల్ పెట్టుబడి వచ్చిన అమెరికన్ కంపెనీల లెక్కలు తీశారు. వాళ్ల అంచనాలో మొదటిసారి కంపెనీ పెట్టేవాడు సక్సెస్ అయ్యే ఛాన్స్ 18 శాతం దగ్గర, ముందు ఒకసారి ఫెయిలైనవాడికి 20 శాతం దగ్గర, ముందు ఒకసారి సక్సెస్ అయినవాడికి 30 శాతం. అంటే ఫెయిలై వచ్చిన అనుభవం విలువ ఆ లెక్కలో రెండు శాతం, అంతే. సక్సెస్ అంటే కంపెనీ స్టాక్ మార్కెట్‌కి వెళ్లడం అని వాళ్లు పెట్టుకున్నారు, అది మరీ కఠినమైన కొలతే. కానీ కొలత ఎంత కఠినమైనా ముగ్గురికీ ఒకటే కదా.

ఇంకో స్టడీ ఉంది, 2019లో లారెన్ ఎస్క్రైస్-వింక్లర్, అయలెట్ ఫిష్‌బాక్ చేసింది. ప్రతి ప్రశ్నకీ రెండే ఆప్షన్లు. నీ ఆన్సర్ రైట్ అని చెప్పినా రాంగ్ అని చెప్పినా నీకు దొరికే సమాచారం ఒకటే, ఎందుకంటే ఇది తప్పైతే రెండోదే కరెక్ట్. అయినా సరే, రాంగ్ అని విన్నవాళ్లు తర్వాత టెస్ట్‌లో తక్కువ గుర్తుపెట్టుకున్నారు. తప్పు అనే మాట చెవిన పడగానే మనసు అక్కడి నుంచి తప్పుకుంటుందన్నమాట. అదే వేరేవాళ్ల తప్పులు చూపిస్తే మాత్రం బానే నేర్చుకున్నారు. పక్కింటాయన ఎందుకు మునిగాడో మనం నిమిషంలో చెప్పేస్తాం కదా, ఇదే.

ఇదంతా ఒకవైపు. రెండోవైపు పీటర్ మాడ్సెన్, వినిత్ దేశాయ్ 2010లో వేసిన పేపర్ ఉంది, వాళ్లు ప్రపంచంలో ఉపగ్రహాలు పంపే రాకెట్ సంస్థల్ని చూశారు. అక్కడ రివర్స్. సక్సెస్ నుంచి కంటే ఫెయిల్యూర్ నుంచే సంస్థలు బాగా నేర్చుకున్నాయి, అలా నేర్చుకున్నది తొందరగా మర్చిపోలేదు కూడా.

మరి ఏది నిజం? నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది, తేడా ఎక్కడుందంటే రాకెట్ పేలిపోతే ప్రతి సెకనుకీ డేటా ఉంటుంది, ఏ వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలో ముందే కాగితం మీద ఉంటుంది, కమిటీ కూర్చుంటుంది. షాపు మూసేసినవాడి దగ్గర ఏముంటుంది? వడ్డీ కట్టిన గుర్తులు, పార్ట్‌నర్ మీద కోపం, "మాకు అచ్చిరాలేదు" అనే మాట.

## "నేను ముందే అనుకున్నా" అనే జబ్బు

1972లో అప్పటి అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ చైనా, రష్యా వెళ్లేముందు ఇజ్రాయెల్‌లో కొంతమంది స్టూడెంట్లని ఒక ప్రశ్న అడిగారు, ఇది జరిగే అవకాశం ఎంత, అది జరిగే అవకాశం ఎంత అని. టూర్ అయిపోయాక, అప్పుడు మీరేం చెప్పారో గుర్తు చేసుకోండి అన్నారు. జరిగిపోయినవాటి గురించి తాము మొదట్లో చెప్పినదానికంటే ఎక్కువ నమ్మకంగా చెప్పినట్టు చాలామందికి గుర్తొచ్చింది. బరూఖ్ ఫిష్‌హాఫ్, రూత్ బెయ్త్ 1975లో దీన్ని పబ్లిష్ చేశారు, దీనికే హైండ్‌సైట్ బయాస్ అని పేరు. వాళ్లు అబద్ధం ఆడలేదు, జ్ఞాపకమే మారిపోయింది.

ఆత్మపరిశీలనకి ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే షాపు మూసేశాక కూర్చుని ఎక్కడ పోయిందా అని ఆలోచించే మనిషి, మొదట్లో తను ఏం అనుకున్నాడో కూడా ఇప్పటి బుర్రతోనే గుర్తు చేసుకుంటున్నాడు. "లొకేషన్ మీద నాకప్పుడే డౌట్ ఉండేది" అంటాడు. ఉండేదా నిజంగా? ఎక్కడా రాయలేదు కాబట్టి చెప్పలేం. అమెరికా ఆర్మీలో 1970ల నుంచి ప్రతి శిక్షణ యుద్ధం తర్వాత చేసే రివ్యూలో మొదటి ప్రశ్న ఏం జరిగింది అని ఉండదు, ఏం జరగాలనుకున్నాం అని ఉంటుంది. దాని తర్వాతే ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం మారుస్తాం. ఆ వరసలోనే విషయం ఉంది.

## ఒక కర్రీ పాయింట్ లెక్క

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కల్పిత ఉదాహరణే, కానీ హైదరాబాద్‌లో హాస్టళ్లు ఉన్న ఏ ఏరియాలో అయినా ఇలాంటి షాపు కనపడుతుంది. ఇద్దరు ఫ్రెండ్స్ కర్రీ పాయింట్ పెట్టారు. రైస్ రూమ్‌లో వండుకుని కూర, పప్పు, సాంబారు కవర్లో కట్టించుకెళ్లే జనం కస్టమర్లు. ప్యాకెట్ సగటున 50 రూపాయలు. సరుకులకి 22, కవర్, రబ్బర్ బ్యాండ్ లాంటివాటికి 3 పోతే ప్యాకెట్‌కి 25 మిగులు. నెలకి అద్దె 35,000, వంటమనిషికి 28,000, హెల్పర్‌కి 15,000, గ్యాస్, కరెంటు 12,000, మొత్తం 90,000. ఆ 90,000ని 25తో భాగిస్తే నెలకి 3,600 ప్యాకెట్లు, రోజుకి 120. అంతకి మించి అమ్మితే లాభం, తగ్గితే నష్టం. వీళ్లు అనుకున్నది రోజుకి 160, అంటే నెలకి 30,000 మిగలాలి.

ఎనిమిది నెలలకి షాపు మూసేశారు. ఒకడు లొకేషన్ బాలేదన్నాడు, ఇంకొకడు నువ్వు కౌంటర్లో కూర్చోలేదన్నాడు, పెద్దవాళ్లు మెట్లు దక్షిణం వైపు ఉన్నాయన్నారు, కార్తీక మాసంలో నాన్‌వెజ్ అమ్ముడుపోలేదని వంటమనిషి అన్నాడు. అన్నిట్లోనూ ఏదో కొంత నిజం ఉండొచ్చు, మెట్ల సంగతి నాకు తెలీదు.

లెక్క చూస్తే సగటున రోజుకి 130 అమ్ముడుపోయాయి. అనుకున్న 160 కాదు నిజమే, కానీ 120 కంటే ఎక్కువే కదా, నెలకి 7,500 మిగలాలి. ఎందుకు మిగల్లేదు? వండింది మాత్రం రోజూ 160కి. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించేముందు చూస్తే బెండకాయ ఫ్రై ఎనిమిదికే అయిపోయి ఉంటుంది, సొరకాయ కూర సగం ట్రే అలాగే ఉంటుంది, గోంగూర చికెన్ నూనె తేలిపోయి అడుగున నాలుగైదు ప్యాకెట్లకి సరిపడా ఉంటుంది. ఏ ట్రేలో ఎంత మిగిలిందో ఎవరూ రాయలేదు, హెల్పర్ డ్రమ్ములో పోసి కడిగేశాడు, అంతే. రోజుకి 30 ప్యాకెట్ల కూర, ఒక్కోటి 22 చొప్పున 660 రూపాయలు, నెలకి 19,800. 7,500 లాభం కాస్తా 12,300 నష్టం అయింది. అంటే లొకేషన్ ఇవ్వాల్సింది ఇచ్చింది, డబ్బు డ్రమ్ములోకి పోయింది.

ఇక్కడితో ఆపేస్తే చక్కని నీతికథ అయిపోతుంది, కానీ ఇంకో పొర ఉంది. ఒకడి బావమరిది దగ్గర ఐదు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకి 10,000, ఏడాదికి 24 శాతం. ఇంట్లోవాళ్ల డబ్బే కదా అని దాన్ని ఖర్చుల్లో రాయలేదు. దాన్ని కలిపితే నెల ఖర్చు లక్ష అవుతుంది, 25తో భాగిస్తే 4,000 ప్యాకెట్లు, రోజుకి 134. ఇప్పుడు 130 అమ్మకం సరిపోదు! ఒకవేళ జాగ్రత్తగా 135కే వండి ఉన్నా ఐదు ప్యాకెట్లు మిగిలి నెలకి 4,200 లాభం, అందులోంచి 10,000 వడ్డీ తీస్తే 5,800 నష్టం. ఇద్దరు మనుషులు పొద్దున్నుంచి రాత్రి దాకా చేసిన పనికి జీతం అసలు ఎక్కడా లేనే లేదు.

సో పాఠం ఏంటి? వృథా తగ్గించమనా, వడ్డీ డబ్బుతో పెట్టొద్దనా, 160 అనే అంచనా ఎక్కడి నుంచి వచ్చిందో చూడమనా? మూడూ వేర్వేరు పాఠాలు, మూడూ ఒకే నోట్‌బుక్ నుంచి వస్తాయి, ఆ నోట్‌బుక్ లేకపోతే చివరికి మిగిలేది "పార్ట్‌నర్‌షిప్ వద్దురా బాబూ" అనే మాటొక్కటే. ఈ లెక్కలో పార్ట్‌నర్‌షిప్‌కి నష్టంతో సంబంధమే లేదు, గమనించారా.

పెద్ద కంపెనీల్లోనూ ఈ కారణాల గొడవ తెగదు. టాటా నానోని 2008 జనవరిలో చూపించారు, సింగూరు భూమి గొడవతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సనంద్‌కి వెళ్లింది, కొన్ని కార్లకి మంటలంటుకున్న వార్తలొచ్చాయి, చీపెస్ట్ కారు అనే ముద్ర పడింది. ఆ ముద్రతో అమ్మడం పొరపాటైందని రతన్ టాటానే తర్వాత ఒప్పుకున్నారు. 2018కి వచ్చేసరికి తయారీ దాదాపు ఆగిపోయింది. ఆ మూడింట్లో ఏది ఎంత శాతం అని ఎవరైనా ఖచ్చితంగా చెప్తుంటే కొంచెం అనుమానంగానే వినండి.

## చంద్రయాన్-2: ఇంజిన్లు తక్కువ పనిచేయలేదు, ఎక్కువ పనిచేశాయి

శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రుడి మీద గట్టిగా పడిపోయింది. ఆ రోజు టీవీల్లో కన్నీళ్లు, ఓదార్పులు చూశాం, అసలు కథ తర్వాత వచ్చింది. 2023 జూలైలో, అప్పుడు ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ వివరంగా చెప్పారు. ఐదు ఇంజిన్లు అనుకున్నదానికంటే ఎక్కువ థ్రస్ట్, అంటే తోసే బలం, ఇచ్చాయి. దాంతో చిన్న చిన్న తేడాలు పోగుపడ్డాయి. వాటిని సరిచేయడానికి ల్యాండర్ వేగంగా తిరగాలి, అంత వేగంగా తిరగకుండా సాఫ్ట్‌వేర్‌లో లిమిట్ ఉంది. పైగా దిగాల్సిన చోటు 500 మీటర్లు, 500 మీటర్ల చదరం, అక్కడికే చేరాలని అది స్పీడ్ పెంచుకుంటూ పోయింది.

గమనించండి, ఇందులో "ఫలానావాడి తప్పు" లేదు. ఒక్కో భాగం విడిగా చూస్తే బానే ఉంది, కలిపితే పోయింది. చంద్రయాన్-3కి దిగే చోటుని 4 కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్లకి పెంచారు, మధ్యలో ఉన్న ఐదో ఇంజిన్ తీసేశారు, కాళ్లు గట్టివి చేశారు, ఇంధనం ఎక్కువ పెట్టారు, వేగం కొలిచే కొత్త సెన్సర్ చేర్చారు. అన్నీ సరిగ్గా జరిగితే ఎలా దిగుతుంది అని కాకుండా, ఏది పాడైనా ఎలా దిగుతుంది అని డిజైన్ చేశామని సోమనాథ్ అన్నారు. 2023 ఆగస్టు 23న దిగింది.

అయితే దీన్ని చూసి ఇస్రో ఇక ఫెయిలవదు అనుకుంటే 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో పోయింది, అది ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా ఎగిరిన రాకెట్. ల్యాండర్ దగ్గర నేర్చుకున్నది రాకెట్ మూడో దశకి పనికిరాదు. పాఠాలకి కూడా పరిధి ఉంటుంది, కర్రీ పాయింట్‌లో మునిగినవాడు ట్రే లెక్కలు నేర్చుకుని బట్టల షాపు పెడితే అక్కడ సమస్య కూర పాడవడం కాదు, పాత స్టాకు పేరుకుపోవడం.

## ఆలోచించడం వేరు, నెమరేయడం వేరు

ఆత్మపరిశీలన అనగానే చాలామంది చేసేది రాత్రి పడుకుని సీలింగ్ ఫ్యాన్ చూస్తూ అదే సీన్ మళ్లీ మళ్లీ తిప్పుకోవడం. దీన్ని సైకాలజీలో రూమినేషన్ అంటారు, సూసన్ నోలెన్-హోక్సెమా దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. దీనివల్ల సమస్య తేలడం పక్కన పెడితే డిప్రెషన్ ఎక్కువవుతుందని, ఎక్కువ రోజులు ఉంటుందని ఆమె చూపించారు. కాబట్టి "బాగా ఆలోచించుకో" అనే సలహా అందరికీ మేలు చేయదు.

రెండింటికీ తేడా ప్రశ్నలోనే తెలుస్తుంది. జేఈఈ మెయిన్ మాక్ టెస్ట్ రాసిన అబ్బాయికి 300కి 112 వచ్చాయి అనుకుందాం. 75 ప్రశ్నల్లో 34 రైట్, 24 రాంగ్, 17 వదిలేశాడు (రైట్‌కి 4, రాంగ్‌కి మైనస్ 1). "నాకు ఫిజిక్స్ రాదు, నేనింతే" అనేది నెమరేత. ఆ 24 తప్పుల్ని ఒక్కోటి తీసి చూస్తే 12 తెలిసినవే, లెక్కలో మైనస్ గుర్తు పోవడమో ప్రశ్న సగం చదవడమో. 8 అసలు తెలీకుండా గుడ్డిగా పెట్టినవి. 4 చివర్లో హడావిడిలో పోయినవి. ఆ 12 సరిగ్గా పెడితే ఒక్కోదానికీ 5 మార్కుల తేడా, 60. ఆ 8 ముట్టుకోకుండా ఉంటే ఇంకో 8. 112 కాస్తా 180. ఫిజిక్స్ చాప్టర్ ఒక్కటి కూడా కొత్తగా చదవకుండా. అంటే ఫిజిక్స్ చదవక్కర్లేదని కాదు, వదిలేసిన 17 ఇంకా అలాగే ఉన్నాయి.

సొంత విషయం దగ్గర ఇంత చల్లగా చూడటం కష్టం. ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ చేసిన ప్రయోగాల్లో తమ బాధని పక్కన నిలబడి వేరే మనిషిని చూస్తున్నట్టు చూసినవాళ్లు తక్కువ కలతపడ్డారు, అది ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవడం మీదికి ఎక్కువ వెళ్లారు. పైన చెప్పిన స్టడీలో వేరేవాళ్ల తప్పుల నుంచి జనం బానే నేర్చుకున్నారని చూశాం కదా, అది కూడా ఈ వైపే చూపిస్తోంది.

ఇక ఎవరి ముందు చూడాలి అనేది ఇంకో చిక్కు. ఎమీ ఎడ్మండ్సన్ అనే రీసెర్చర్ హాస్పిటల్స్‌లో చేసిన స్టడీలో మంచి టీమ్స్‌లోనే తప్పులు ఎక్కువ కనపడ్డాయి, కారణం వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాకపోవచ్చు, దాచకుండా చెప్పుకోవడం అని ఆవిడకి తర్వాత అర్థమైంది. చెప్తే తిడతారు అనుకున్న చోట నోట్‌బుక్ కూడా అబద్ధమే రాస్తుంది. నలుగురూ ఏమనుకుంటారో అని షాపు నష్టాన్ని ఏడాది దాకా ఇంట్లో చెప్పని మనిషి దగ్గర నిజమైన లెక్క ఎలా ఉంటుంది?

## ఎవరి డబ్బుతో నేర్చుకుంటున్నాం

ఈ చర్చలో నాకు అన్నిటికంటే తక్కువ వినపడేది ఇదే. హార్వర్డ్ వాళ్ల లెక్కలో ఉన్నవాళ్లంతా ఇన్వెస్టర్ డబ్బుతో కంపెనీ పెట్టినవాళ్లు, పోతే పోయేది ఎక్కువగా ఫండ్ డబ్బు, మనిషి ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. కర్రీ పాయింట్‌లో పోయింది షాపు నష్టం 98,400, వడ్డీ 80,000, మొత్తం ఎనిమిది నెలల్లో 1,78,400. ఆ పైన ఇంకా కట్టాల్సిన అసలు ఐదు లక్షలు, బావమరిదితో మాటలు లేకపోవడం అదనం. ఫెయిలవ్వు, మళ్లీ లేవు అనే సలహా ఇద్దరికీ ఒకే రేటుకి అమ్ముతున్నారు. తొందరగా ఫెయిలవ్వడం మంచిదే అనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు, ఎనిమిది నెలల బదులు రెండో నెలకే ట్రేలు చూసుకుని ఉంటే వడ్డీతో కలిపి 45,000లోపు నష్టంతో లెక్క తేలేది. కానీ చిన్నగా ఫెయిలవ్వాలంటే ముందు చిన్నగా పెట్టాలి, ఐదు లక్షలు ఒకేసారి ఇంటీరియర్‌కి, అడ్వాన్స్‌కి పెట్టేశాక తొందరగా ఆపే ధైర్యం ఎవరికీ రాదు.

అదే ఇద్దరు రెండోసారి షాపు పెడితే నోట్‌బుక్ మొదటి పేజీలో రోజుకి 120 అని రాయాలా 134 అని రాయాలా అనేది, ఈసారి డబ్బు ఎవరి దగ్గర్నుంచి, ఎంత వడ్డీకి వస్తోందో తెలిస్తేగానీ చెప్పలేం.